ఎడమ చెవి పక్కన

ముందు ఫర్నేస్ ఆపాలి.
దాని గురక వీడియోలో పడుతుందట.
తర్వాత బట్టల మిషను. తర్వాత కుక్క.
కుక్కని పక్కింటి బ్రోనియా గారికి అప్పగించి వచ్చేసరికి
నేలమాళిగ గోడకి నీలం దుప్పటి కట్టి
చెప్పులు విప్పి నిలబడి ఉంది మారెన్.
బయట ఈరీ సరస్సు మీంచి మంచు అడ్డంగా కొడుతోంది.
లోపల మా ఇద్దరి మాటలూ పొగలు.

"నాన్నా, ఫోన్ నీ గుండె ఎత్తులో పట్టుకో.
కదలకు. నేను నిన్ను చూడను,
నీ ఎడమ చెవి పక్కన చూస్తాను.
అక్కడొక మనిషి ఉన్నాడనుకుంటాను."

ఎవరా మనిషని అడగలేదు.
రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాణ్ణి,
నాకు తెలిసిన నటనల్లా
ఒంట్లో బాగోలేదని సూపర్‌వైజరుకి ఫోన్ చేయడం.

తొంభై సెకన్ల మాట అది.
ఒక పిల్ల తన తండ్రితో అంటోంది:
నా పుట్టినరోజుకి ఖాళీ కుర్చీ వేసి ఉంచాను,
కేకు ముక్క నీ పళ్ళెంలో ఎండిపోయింది,
వస్తానన్నావు, రోడ్డు బాగోలేదన్నావు,
ప్రతిసారీ రోడ్డే బాగోదు.

రోడ్డు.
నా రోడ్డు.

మొదటిసారి ఫోన్ వణికింది. నాదే తప్పు.
రెండోసారి పైన కొలెట్ కుళాయి తిప్పింది.
ఏడోసారి మాట తడబడి తనని తనే తిట్టుకుంది.
పదకొండోసారి బాగుందన్నాను.
"నీకు అన్నీ బాగుంటాయి" అంది,
అందులో మెచ్చుకోలు లేదు.
పద్నాలుగోసారి చూపు జారి
చెవి పక్కనుంచి నా కళ్ళల్లోకి వచ్చింది.
వస్తానన్నావు, అంది.
ఊ కొట్టకూడదు. దగ్గకూడదు.
గుండె ఎత్తులో ఫోను, దాని వెనక నేను,
ఇన్నేళ్ళుగా మంచు పడిన ప్రతి రాత్రీ
ఊరందరి గుమ్మాల ముందూ దారి తెరిచినవాణ్ణి.

"ఇది పనికిరాదు. నిన్ను చూసేశాను."
చెరిపేసింది.
పంపింది పదిహేడోది.

ఫిబ్రవరిలో షికాగో.
హోటల్ తొమ్మిదో అంతస్తు కారిడార్ పొడవునా
గోడలకేసి గొణుక్కునే పిల్లలు.
ఒకడు లిఫ్టుకి క్షమాపణ చెప్పుకుంటున్నాడు.
ఒకమ్మాయి మంచినీళ్ళ మిషన్ని పెళ్ళికి ఒప్పిస్తోంది.
కోట్లు మోస్తూ మేము, తల్లులం తండ్రులం,
ఒకరి ముఖం ఒకరం చూసుకోం.
నా పక్కనాయన టొపీకా నుంచి, పళ్ళ డాక్టరు,
వాళ్ళబ్బాయికి ఇది పదమూడో గదట.
"దరఖాస్తులకే ఇంత అయితే..." అని ఆగిపోయి
నాకో పిప్పరమెంటు ఇచ్చాడు.

తలుపు మూసుకుంది. నాలుగు నిమిషాలు.
దానికి చెవి ఆనించలేదు. ఆనించాలనిపించింది.
బయటికొచ్చి "ఆకలేస్తోంది" అంది.
ఎలా జరిగిందని అడగకూడదని
ముందే పసుప్పచ్చ చీటీ రాసిచ్చింది నాకు,
దాన్ని జేబులో తడుముకుంటూ
తన శాండ్‌విచ్‌లో ఉల్లిపాయలు ఏరుతూ కూచున్నాను.

మార్చి నిండా కాదు, కాదు, కాదు.
ఒక్కచోట మాత్రం, వేచి ఉండండి.
తను గదిలోంచి రాదు.
కొలెట్ తలుపు బయట టమాటా సూపు పెడుతుంది,
ఖాళీ గిన్నె తీసుకుని మెట్లు దిగుతుంది.
నేనేం చెయ్యాలో ఎవరూ చీటీ రాసివ్వలేదు.

నెలాఖర్న మళ్ళీ మంచు.
తెల్లవారుజాము మూడున్నర, పన్నెండో వీధి.
బ్లేడు దించి, వైపర్లు వేసి,
నాకు తెలీకుండానే మొదలెట్టాను:
నా పుట్టినరోజుకి ఖాళీ కుర్చీ...
కంఠతా వచ్చేసింది. పదిహేడుసార్లు విన్నాను కదా.
ప్రతిసారీ రోడ్డే బాగోదు, అని అరిచేసరికి
రేడియోలో గ్లెండా గొంతు:
"తొమ్మిదో నంబరు బండీ, నీ మైకు నొక్కుకుపోయి ఉంది.
ఎవరి మీద అంత కోపం?"

నా మీదేనన్నాను.

కాసేపు గరగర.
"చివర్లో అరవకు" అంది గ్లెండా.
"అక్కడ మెల్లగా అను. ఇంకా తగుల్తుంది."